కొంగున ముడేసిన పాఠం

మా డిపార్టుమెంటు గుమ్మం మీద ‘బోధనా సాంకేతిక విభాగం’ అని బోర్డు ఉండేది. విజయవాడలో ఆ బోర్డు చూసినవాళ్లలో చాలామంది మేం ప్రొజెక్టర్లు రిపేరు చేస్తామనుకునేవారు. కాలేజీ వార్షికోత్సవంలో మైకు కుయ్యిమంటే ప్రిన్సిపాల్ గారు వేదిక మీద నుంచే నాకేసి చూసేవారు. నేను లేచి వెళ్లి, ఏదో ఒక తీగ కదిపి, వచ్చి కూర్చునేదాన్ని. ఒక్కోసారి నిజంగానే ఆ కూత ఆగేది. అలా ఆగినప్పుడల్లా నా పేరు పెరిగేది, నా సబ్జెక్టు పరువు తగ్గేది.

ఈ మధ్య అదే కోర్సులో కొత్తగా చేరిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, “మేడం, ఈ చదువంతా కలిపి ఒక్క ముక్కలో చెప్పాలంటే ఏం చెప్తారు?” అని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పే విద్య నాకు సర్వీసంతా అబ్బలేదు, రిటైరయ్యాక అబ్బుతుందా? కాఫీ ఇచ్చి, నా దగ్గర చదివిన ఒకావిడ సంగతి చెప్పాను. ఆ అమ్మాయి కాఫీ చల్లారిపోయేదాకా వింది. మిగతా పిల్లలకూ పనికొస్తుందేమోనని ఇక్కడ రాస్తున్నాను.

మా పీజీ కోర్సులో చివరి టర్మ్‌లో ప్రతి విద్యార్థీ ఒక పాఠం తయారుచేయాలి. ఎవరికి నేర్పుతున్నారో వాళ్లనే కూర్చోబెట్టి, ఆ పాఠం పనిచేస్తోందో లేదో చూడాలి. లోపాలుంటే దిద్దుకోవాలి. ఆ తర్వాత అదంతా సమర్పించి, బయటి నుంచి వచ్చే పరీక్షకుల ముందు నిలబడి సమాధానం చెప్పుకోవాలి. వినడానికి ఇంతే. కానీ చాలామంది భద్రంగా ఉంటుందని ఏడో తరగతి పిల్లలకు పువ్వు భాగాలు నేర్పే పాఠం చేసేవారు. నేను చూసిన పువ్వుల పాఠాలతో బీసెంట్ రోడ్డులో ఒక పూలకొట్టు పెట్టుకోవచ్చు.

ఆ ఏడాది మాత్రం ఒకావిడ పాము కాటు మీద చేస్తానంది. ముప్పై దాటిన మనిషి, బడికెళ్లే కూతురుంది. పుట్టిల్లు పామర్రు దగ్గర, అత్తవారిల్లు చల్లపల్లి దగ్గర ఒక ఊరు, రెండూ వ్యవసాయ కుటుంబాలే. రోజూ అంత దూరం బస్సులో వచ్చిపోతూ సగం పుస్తకాలు ఆ బస్సులోనే చదివేది. ఎందుకు ఈ అంశమే అని అడిగితే చెప్పింది. “మా చేల్లో నాట్లకొచ్చిన ఒకామెను నిరుడు పాము కరిచింది మేడం. ముందు మంత్రం వేయించడానికి తీసుకెళ్లారు. ఆస్పత్రికి వెళ్లేసరికి ఆలస్యమైపోయింది. నేను ఇంట్లోనే ఉన్నాను. నాకు కబురొచ్చేసరికి అంతా అయిపోయింది.”

పువ్వు కాకుండా ఇంకేదైనా పర్లేదని నాకప్పటికే అనిపిస్తోంది, ఇదైతే అంతకంటే చాలా అవసరమైన సంగతి. సరే చెయ్యమన్నాను.

చక్కగా చేసింది. నాట్లు వేసే ఆడవాళ్ల కోసం సెల్‌ఫోన్లో చూసే చిన్న వీడియో పాఠం. బొమ్మలు తనే గీయించింది, గొంతు తనే ఇచ్చింది. గట్టిగా కట్టు కట్టొద్దు, కోయొద్దు, కాలు కదపొద్దు, కాళ్లకూ చేతులకూ ఉన్న మెట్టెలూ పట్టీలూ గాజులూ వాపు రాకముందే తీసేయండి, నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. ఒక డాక్టరు గారికి చూపించి ప్రతి మాటా సరిచూసుకుంది. తర్వాత వాళ్ల ఊళ్లో జట్టుగా కూలికెళ్లే నాట్ల ముఠా ఆడవాళ్లకు పాఠం చూపించి, బొమ్మల మీద టిక్కు పెట్టే ప్రశ్నలు ఇచ్చింది.

ఫలితాలు వచ్చాయి. అందరికీ దాదాపు నూటికి నూరు! మా విభాగంలో లెక్కలు చూసే మాస్టారు ఒకాయన ఉండేవారు. కొండపల్లి నుంచి రైల్లో వచ్చేవారు. రైలు ఎంత ఆలస్యమైనా విసుక్కోని మనిషి, తేడాగా ఉన్న అంకె కనిపిస్తే మాత్రం భోజనం మానేసేవారు. ఆ రోజు ఆయన క్యారియర్ విప్పలేదు.

“మేడం గారూ, ఒక చిన్న సందేహమండీ,” అన్నారు కాగితాలు నా ముందు పెట్టి. “ఒప్పులన్నీ అందరూ ఒకేలా పెట్టారు, బాగుంది. పాఠం బాగుంటే పెడతారు. కానీ ఈ ప్రశ్న చూడండి. కాలు కదలకుండా ఉంచాలా, పైకెత్తి పట్టుకోవాలా అని. అందరూ పైకెత్తాలనే పెట్టారు. తప్పు కూడా కలిసే చేశారండీ!”

నాకు నవ్వొచ్చింది. ఎన్నేళ్లు పరీక్ష హాళ్లలో తిరిగాం, మాకా తెలియదు? ముందు బెంచీలో ఒకడు తప్పు రాస్తే అది చివరి బెంచీ దాకా ఎలా ప్రయాణిస్తుందో బెజవాడలో కాలేజీ మెట్లెక్కిన ఎవరినడిగినా చెప్తారు. కానీ కూలికొచ్చే ఆడవాళ్లకు కాపీ కొట్టాల్సిన అవసరం ఏమొచ్చింది? వాళ్లకు ర్యాంకులా, సీట్లా?

ఆవిడను పిలిచి చెప్పాం. మొహం పాలిపోయింది. ఆవిడ కంగారుకు ఇంకో కారణం ఉంది. నగరంలో ఒక పెద్ద ఆస్పత్రిలో నర్సులకు శిక్షణ ఇచ్చే ఉద్యోగానికి ఆవిడను ఎంచుకున్నారు. ఆ టర్మ్‌లోనే డిగ్రీ చేతికొస్తే చేరొచ్చు, రాకపోతే వేరేవాళ్లను తీసుకుంటారు. పెళ్లయిన తర్వాత మొదటిసారి ఆవిడ కోరుకున్న ఉద్యోగం అది.

“ఆ ఒక్క ప్రశ్న తీసేస్తే సరిపోతుందేమో కదా మేడం?” అంది చిన్న గొంతుతో.

లెక్కల మాస్టారు మెత్తని మనిషి. “తీసెయ్యచ్చనుకోండి...” అంటూ నావైపు చూశారు.

“డిగ్రీ నీది, పాఠం నీది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం నేను కాను,” అన్నాను. “ముందు ఒకసారి మీ ఊరు చూపించు. ఆ తర్వాత ఏం తీసెయ్యాలో నువ్వే చెప్పు.”

ఇలాంటప్పుడు నా మాట కాస్త కటువుగా ఉండేది. మీకు ఉద్యోగమొచ్చాక మీ మాట ఎలా ఉంటుందో చూస్తాను.

మేం వెళ్లేసరికి ముఠా మధ్యాహ్నం భోజనాలు చేసి కాలవ గట్టు మీద కూర్చునుంది. ఉదయం వాన పడి వెలిసింది. చేలన్నీ నీళ్లు. వాళ్లను తెచ్చిన ఆటో గట్టు మీదే ఆగి ఉంది, డ్రైవరు అందులో కునుకు తీస్తున్నాడు. ముఠా పెద్ద యాభై దాటిన మనిషి, గలగలా మాట్లాడుతుంది. ఆవిడ మాటకు ముఠాలో ఎదురు లేదని రెండు నిమిషాల్లోనే తెలిసింది. నా కోసం ఒక గోనెసంచి దులిపి వేసింది.

నేను ఏ సాగతీతా లేకుండా అడిగేశాను. “మొన్న పరీక్షలో అందరికీ జవాబులు ఎవరు చెప్పారు?”

ముఠా అంతా ఒకేసారి పెద్దావిడకేసి చూసింది. ఆవిడ ఏమాత్రం జంకలేదు.

“నేనేనండి. మరి పరీక్ష కోడలు గారిది కదండీ! మేం తప్పులు పెడితే ఆవిడ తప్పిపోరూ? అంత దూరం బస్సులో పడి పోయి చదూకుంటన్నారు, చిన్నపిల్లనొదిలి. అందుకని నేను ముందు పెట్టి, అందరికీ చూపిచ్చా. ఏం, మార్కులు తగ్గినయ్యా?”

ఆ కోడలు గారు, అంటే మా విద్యార్థిని, మొహం రెండు చేతులతో కప్పుకుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది, ఇక్కడ రాయను. కానీ ఇది మొహమాటం కూడా కాదు, అభిమానం. ఆ ఆడవాళ్లు పాఠాన్ని గెలిపించలేదు, పాఠం చెప్పిన మనిషిని గెలిపించారు. మా పుస్తకాల్లో ప్రశ్నలు ఎలా అడగాలో అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి. మనమంటే ప్రేమ ఉన్నవాళ్లను పరీక్షించకూడదని మాత్రం ఎక్కడా లేదు.

“పాఠం ఎట్లా ఉంది?” అన్నాను.

“బ్రహ్మాండంగా ఉందండీ.”

“బొమ్మలు బాగున్నయ్యండీ.”

“కోడలు గారి గొంతు రేడియోలో మల్లే ఉందండీ.”

ఇలా అడుగుతూ పోతే సాయంత్రం దాకా పొగుడుతూనే ఉంటారని అర్థమైంది. నేను గోనెసంచి మీదే వెనక్కి వాలి, కాలు చాపి, “అయ్యో, నన్ను పాము కరిచింది!” అన్నాను.

అంతా నవ్వారు. నేను నవ్వలేదు. “మీ చేలోకి వచ్చాను, కరిచింది. ఇప్పుడు నాకు ఏం చేస్తారో చెయ్యండి. ఎవరూ ఏమీ చెప్పొద్దు, చెయ్యండి చాలు.”

కొందరు లేచి నా చుట్టూ చేరారు. తర్వాత ఆట మొదలైంది. ఒకామె “అయ్యయ్యో మేడం గారూ!” అంటూ రాగం తీసింది. ఇంకొకామె “ఆ తువ్వాలిట్టా తే, ముందు కట్టెయ్యాలి!” అంది. వచ్చిన తువ్వాలు నా పిక్క మీద పడింది. నాట్లేసే చేతుల బలం ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది. నా కాలు తిమ్మిరెక్కింది. కట్టొద్దు అన్న ప్రశ్నకు ఆమె ఠంచనుగా ఒప్పు పెట్టింది, మా మాస్టారి కాగితాల్లో ఉంది.

పాఠం చూద్దామని ఫోను కోసం వెతికారు. ఫోన్లన్నీ క్యారియర్ల సంచుల్లో, సంచులు ఆటోలో. ఆటో అబ్బాయికి పాఠం ఎవరూ చూపించలేదు. అతను కళ్లు నులుముకుంటూ వచ్చి, “ఎక్కడికి తోలాలి? మంత్రమేసే ఆయన ఇంటికేనా?” అన్నాడు.

నా విద్యార్థిని గట్టు మీద కూర్చుని అన్నీ చూస్తోంది. కళ్లలో నీళ్లున్నాయి కానీ పెన్ను ఆగలేదు. అప్పుడే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

“మెట్టెలు తియ్యాలి కదా, మర్చిపోయారు,” అని గుర్తుచేశాను.

ఒక చెయ్యి నా పాదం దాకా వచ్చి ఆగిపోయింది. ముఠా పెద్ద ఆ చేతిని పక్కకు తోసేసింది.

“మేడం గారండీ, ఆటైనా సరే, మీ మెట్టెలు మేం తియ్యకూడదండీ. ముత్తయిదువులు మీరు.”

“మరి పాఠంలో తియ్యాలనుందిగా? అందరూ ఒప్పే పెట్టారుగా?”

“కాయితం మీదేగదండీ పెట్టింది.”

“సరే, నేనే తీసుకుంటాను,” అని వంగాను. వేలు మెట్టె మీద పెట్టాను. ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే నాకు ఆశ్చర్యమే. పీహెచ్‌డీ చేసిన మనిషిని, మూఢనమ్మకాల మీద సెమినార్లలో ఉపన్యాసాలిచ్చినదాన్ని. వేలు కదల్లేదు. ఇంట్లో మా ఆయన బీపీ మాత్ర వేసుకున్నారో లేదో అని ఆ గట్టు మీద ఎందుకు గుర్తొచ్చిందో దేవుడికే తెలియాలి. ఆడవాళ్లంతా నా వేలికేసే చూస్తున్నారు. నేను తల ఎత్తి, “నావల్ల కావడం లేదు,” అన్నాను.

ఆ మాటతో ముఠా మొత్తం నాకు చుట్టాలైపోయింది. అప్పటిదాకా బ్రహ్మాండమన్నవాళ్లు ఒక్కొక్కరే నోరు విప్పారు. మెట్టెలు తీయమన్న దగ్గర మా అత్త ఫోను పక్కన పడేసిందండీ అని ఒకరు. మంత్రం ఆయన్ని అసలు రావద్దంటే ఎట్టాగండీ, చిన్నప్పుడు మా బిడ్డను బతికిచ్చాడు అని ఒకరు. ఆయన బతికించినవాళ్లను కరిచిన వాటిలో విషం లేని పాములెన్నో అని మరొకామె గొణిగింది. చిన్న గొడవే అయింది. నా ఉద్యోగ జీవితంలో నేను విన్న అతి మంచి చర్చ అదే, ఒక్క సెమినార్‌లోనూ అలా జరగలేదు.

ఆ గొడవ మధ్యలో నేను నా విద్యార్థినిని అడిగాను. “నువ్వెప్పుడైనా తీశావా?”

ఆవిడ తన పాదాలకేసి చూసుకుంది. “ఒకసారి తీశాను మేడం. కాన్పుకి ఆపరేషన్ చేసేటప్పుడు నర్సు తియ్యమంది. నేను ఏడ్చాను. మా అత్తయ్య గారు వచ్చి, తనే తీసి, నా పాత చీర కొంగున ముడేసి, ఆ చీర నా తల కింద పెట్టారు. ‘కొంగునే ఉన్నాయిలే, నీ దగ్గరే ఉన్నట్టు’ అన్నారు.” చేతిలో పెన్ను మూసింది. “ఇంత తెలిసి కూడా, తీసేయండి అని ఒక్క ముక్కలో చెప్పేశాను.”

గొడవ ఆగింది. ముఠా పెద్ద తన కొంగు చేతిలోకి తీసుకుని, చివర చూసి, ముడి వేసినట్టు వేళ్లతో తిప్పి చూసింది.

“కొంగునుంటే ఒంటి మీద ఉన్నట్టేనండీ,” అని తీర్పు ఇచ్చింది. “అట్టా ముందే చెప్తే ఈ గొడవంతా లేకపోను.”

నన్ను విజయవాడ దాకా దింపి వస్తానని ఆవిడా తిరుగు బస్సెక్కింది. పామర్రు దాటాక, “ఈ టర్మ్‌లో ఇవ్వను మేడం. మళ్లీ చేస్తాను,” అంది. ఉద్యోగం సంగతి నేనెత్తలేదు, ఆవిడే ఎత్తింది. “అది పోతుంది. బాధగానే ఉంది. కానీ ఇది ఇచ్చేస్తే, మా చేల్లోకి ఎవరు దిగినా నాకు భయంగా ఉంటుంది.”

నాకు ఏదైనా గొప్ప మాట చెప్పాలనిపించింది. ఉయ్యూరులో బస్సు ఆగితే మొక్కజొన్న పొత్తులు కొన్నాను, ఇద్దరం తిన్నాం.

ఉద్యోగం నిజంగానే పోయింది. వారం తర్వాత ఆవిడే లెక్కల మాస్టారి బల్ల దగ్గరకు వచ్చి, పాత ఫలితాలన్నీ పక్కన పెట్టేయమని చెప్పింది. మాస్టారు ఆ రోజు క్యారియర్ విప్పి, తన పులిహోరలో సగం ఆవిడకు పెట్టారు. ఆయన అభినందన అలాగే ఉండేది.

కొత్త పాఠంలో బొమ్మలు లేవు. పొలంలో ఫోను చూసేవాళ్లు లేరని తేలిపోయింది కదా, వినే పాఠం చేసింది. పొద్దున్నే ముఠా ఆటో ఎక్కగానే పాటలు పెట్టే ముందు డ్రైవరు అది వినిపిస్తాడు. ఏ ఆస్పత్రికి తోలాలో పాఠం అతనికే చెప్తుంది. గొంతు ఈసారి కోడలు గారిది కాదు, అత్తగారిది. ఆవిడకు ఈ చదువు మీద పెద్ద నమ్మకం ఉండేది కాదు, “ఫోనులో బొమ్మలాడుకునే చదువు” అనేది. రికార్డింగు రోజు మాత్రం పట్టుచీర కట్టుకుని కూర్చుంది. గొంతుకు పట్టుచీర ఎందుకని ఎవరం అడగలేదు. “అమ్మాయీ, కట్టు కట్టమాక. కాలు కదపమాక. మెట్టెలు తీసి కొంగున ముడెయ్యి. ఏం కాదు, నీ దగ్గరే ఉన్నయ్. తిన్నగా ఆస్పత్రికే పద,” అని ఆవిడ అంటుంటే నాకే లేచి బయల్దేరాలనిపించింది.

పరీక్ష కాగితాలు లేవు. వారానికొకసారి ముఠాలో ఎవరో ఒకరు “కరిచింది” అంటారు, మిగతావాళ్లు చేసి చూపించాలి. ఆ ఆటలో మొదట్లో చాలా తప్పులు వచ్చాయి. ఆవిడ ఆ తప్పులన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసింది.

చివరి మౌఖిక పరీక్షకు బయటి నుంచి ఒక పరీక్షకురాలు వచ్చారు. పేరున్న మనిషి, గట్టిగా అడుగుతారని పేరు కూడా ఉంది. “ఇన్ని తప్పులున్న ప్రాజెక్టు నేనెప్పుడూ చూడలేదు. నూటికి నూరు వచ్చిన ఫలితాలు పక్కన పెట్టి ఇవి ఎందుకు తెచ్చావమ్మా?” అన్నారు. మా విద్యార్థిని జరిగినదంతా చెప్పింది. మెట్టెల దగ్గరకు వచ్చేసరికి ఆ పరీక్షకురాలు కుర్చీ కింద కాళ్లు వెనక్కి లాక్కున్నారు. ఆ తర్వాత ప్రశ్నలు మెత్తబడ్డాయి. మా విద్యార్థిని పాసైంది. నేను, మాస్టారు బయటకొచ్చి, పిల్లల్లా టీ కొట్టు దాకా నవ్వుకుంటూ నడిచాం.

పోయిన ఉద్యోగం మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు వేరే చోట, ఆరోగ్య కార్యకర్తలకు పాఠాలు తయారుచేసే పని దొరికింది. జీతం తక్కువైనా, పొద్దున్నే ఇష్టంగా వెళ్తోందని వాళ్ల అత్తగారే నాకు ఫోనులో చెప్పింది, కాస్త గొప్పగా.

ఆ పైఏడు నాట్ల కాలం. అప్పటికి నేను రిటైరయ్యాను. ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసింది. “మేడం, ముఠా పెద్దను పాము కరిచింది. రక్తపింజర. ఆస్పత్రిలో ఉంది, ప్రాణానికి భయం లేదన్నారు. మీరు రాగలరా?”

మర్నాడు వెళ్లాను. గలగలా మాట్లాడే మనిషి మంచం మీద సన్నగా కనిపించింది. కాలు మోకాలి దాకా వాచి, నల్లగా మెరుస్తోంది. పక్కన భర్త, తలదగ్గర ఆటో అబ్బాయి. తిన్నగా ఆస్పత్రికే తోలాడట, కట్టు లేదు, కాలు కదలనివ్వలేదు. వాచిన ఆ పాదం వేళ్లు చూశాను. మెట్టెలు ఉండుంటే ఏమయ్యేదో ఆ వేళ్లే చెప్తున్నాయి. ఆస్పత్రి దుప్పటి కప్పినా ఆవిడ తన చీర కొంగు వదల్లేదు, గుప్పిట్లో పట్టుకునుంది. కొంగు చివర ముడి.

నా విద్యార్థిని మంచం పక్కన నిలబడి ఆ ముడినే చూస్తోంది. పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

“ఈసారి పరీక్ష కాయితం మీద కాదమ్మా,” అంది మెల్లగా. “సొంతంగా రాశా.”